సాయం చేస్తామంటే వద్దంటున్న అన్నయ్యని ఎలా ఒప్పించాలి?

తెనాలి_చెల్లి
మా అన్నయ్యకి 43 ఏళ్ళు. మోటారు రివైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన మోటారు ఏదైనా సరే అన్నయ్య చేతిలో పడితే తిరుగుతుందని చుట్టుపక్కల రైతులంతా అంటారు. నాన్న పోయాక తాగుడు రోజువారీ అయింది. ఇప్పుడు పొద్దున్నే ఒక క్వార్టర్ పడకపోతే చేతులు వణికిపోతాయి, స్క్రూడ్రైవర్ పట్టుకోలేడు.

నేను బెంగళూరులో ఉంటాను. ఖర్చంతా నాదే అన్నాను. గుంటూరులో డాక్టర్‌తో మాట్లాడి పెట్టాను. ఆఖరికి ఒకసారి ఒప్పించి బయల్దేరదీస్తే, నారాకోడూరు దగ్గర బస్సు ఆగగానే దిగి వెళ్ళిపోయాడు. "నాకేం రోగం? నా డబ్బుతో నేను తాగుతున్నా" అంటాడు. డబ్బు కూడా తనది కాదు. అమ్మ పెన్షన్ లోంచి గుట్టుగా ఇస్తుంది, వాడు వణుకుతుంటే చూడలేనంటుంది. వదిన నోరు విప్పదు. బాబాయిలేమో వదిలెయ్యమ్మా, వాడి కర్మ అంటున్నారు.

వదిలేయడం నావల్ల కావడం లేదు. వద్దన్నవాడికి సాయం ఎలా చేస్తారు? ఇంట్లో ఇలాంటిది చూసినవాళ్ళు చెప్పండి.

డల్లాస్_బాబాయ్
బతిమాలితే వినే దశ దాటిపోయింది. నలుగురు మనుషుల్ని పెట్టి ఎత్తుకెళ్ళి తాగుడు మాన్పించే సెంటర్లో చేర్పించాలి. మూడు నెలలు లోపల ఉంటే తనే దారికొస్తాడు.

ఉప్పుటేరు
మా తమ్ముణ్ణి సరిగ్గా అలాగే ఎత్తుకెళ్ళారండి. రాత్రి పూట జీపు వచ్చింది, ఇంట్లో నిద్రపోతున్నవాణ్ణి కాళ్ళూ చేతులూ పట్టుకుని తీసుకెళ్ళారు. ఆ సెంటర్లో డాక్టరే లేడు. మందు మానేసిన రెండో రోజు ఫిట్స్ వస్తే నాటకాలాడుతున్నాడని కొట్టారు. మూడు నెలల తర్వాత బయటికొచ్చాడు. వారం తిరక్కుండా మళ్ళీ మొదలుపెట్టాడు. అది ఒక ఎత్తు. ఆ జీపుకి ఫోన్ చేసింది నాన్నే అని తెలిశాక ఇప్పటికీ నాన్నతో మాట్లాడడు. డాక్టర్ దగ్గరికి పోదామంటే చాలు, జీపు గుర్తొస్తుంది వాడికి. ముందు ఒక్క తలుపే మూసి ఉండేది, ఇప్పుడు అన్నీ మూసుకుపోయాయి.

డల్లాస్_బాబాయ్
చెడ్డ సెంటర్ గురించి చెబుతున్నారు. మంచివీ ఉంటాయి కదా.

ప్లీడరు_గుమాస్తా
మంచిదైనా చెడ్డదైనా అలా ఎత్తుకెళ్ళడానికి చట్టం ఒప్పుకోదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే నుంచి అమల్లో ఉంది. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి.

మనిషి ఒప్పుకోకుండా చేర్చుకోవాలంటే 89వ సెక్షన్ ఉంది. అది కూడా తనకి తాను హాని చేసుకుంటున్నా, ఇతరుల మీద దాడికి దిగినా, తన బాగోగులు తాను చూసుకోలేక ప్రమాదంలో పడినా మాత్రమే. సైకియాట్రిస్టు ఒకరు, ఇంకో వైద్య నిపుణుడు ఒకరు విడివిడిగా పరీక్ష చేసి అవసరమేనని చెప్పాలి. అప్పుడైనా మొదట 30 రోజుల వరకే. దాని మీద మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకి అప్పీలు చేసుకునే హక్కు చేరిన మనిషికి ఉంటుంది. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం. సెంటర్‌కి రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందు అడగండి. చూపించకపోతే అక్కడి నుంచే వెనక్కి వచ్చేయండి.

గోదారిగట్టు
ఉప్పుటేరు గారు చెప్పింది చదివితే కడుపు తరుక్కుపోయింది. కానీ మా ఇంట్లో జరిగింది దీనికి పూర్తిగా తిరగబడి ఉంది కాబట్టి అదీ చెప్పాలి. మా నాన్న మూడు రోజులు జ్వరంతో పడుకుని మందు ముట్టలేదు. మూడో రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయని దులపడం మొదలుపెట్టారు. మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఆసుపత్రి వద్దని అరుస్తూ తలుపు పట్టుకుని వేలాడుతుంటే నేనూ మా బావా బలవంతంగా ఆటోలో ఎక్కించాం. ఆ రాత్రి ఆయన మాట విని ఊరుకుని ఉంటే ఇవాళ నాన్న లేరు. బలవంతం ఎప్పుడూ తప్పే అంటే నేను ఒప్పుకోను.

ప్లీడరు_గుమాస్తా
మీరు చేసింది చట్టం ఒప్పుకునేదే. ప్రాణాపాయంలో ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు అత్యవసర వైద్యం చేయొచ్చు, అది 94వ సెక్షన్. మతి తప్పి ఉన్నవాడు వద్దనడం, తెలివిలో ఉన్నవాడు వద్దనడం ఒకటి కాదు.

రాత్రిడ్యూటీ_సిస్టర్
గోదారిగట్టు గారి నాన్నగారికి వచ్చిందాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. మా వార్డులో ఇది కొత్త కాదు. రోజూ గట్టిగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఆరు నుంచి పన్నెండు గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఈ లేనివి కనిపించడం, మతి తప్పడం. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

అందుకే తెనాలి_చెల్లి గారూ, మీ అన్నయ్యకి పొద్దున్నే వణుకు వస్తోందన్నారు కదా, దాని అర్థం ఒళ్ళు మందుకి అలవాటు పడిపోయిందని. ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలని మాత్రం ఎవరూ చూడకండి. ఆసుపత్రిలో అయితే డయాజిపామ్ లాంటి మందు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు, విటమిన్ బి1 ఇంజెక్షన్ ఇస్తారు. నాలుగైదు రోజుల్లో ఒళ్ళు కుదుటపడుతుంది. ఆ తర్వాతే అసలు పని మొదలు.

సెల్‌టవర్
ఏదో పొడి ఉందట కదా, అన్నంలో కలిపితే తెలియకుండానే మానేస్తారని. మా కాలనీలో గోడల మీద ఫోన్ నంబర్లు రాసి ఉన్నాయి. వద్దన్నవాళ్ళకి అదే దారేమో?

రాత్రిడ్యూటీ_సిస్టర్
వద్దు, వద్దు, వద్దు. ఆ పొట్లంలో ఏముందో అమ్మేవాడికి కూడా తెలియదు. కొంతమంది మందుల షాపు నుంచి డైసల్ఫిరామ్ మాత్రలు తెచ్చి నూరి సాంబారులో కలుపుతున్నారు. ఆ మాత్ర ఒంట్లో ఉండగా మందు పడితే మొహం ఎర్రబడుతుంది, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం. గుండె బలహీనంగా ఉన్నవాడైతే చచ్చిపోవచ్చు కూడా. అది రోగికి చెప్పి, పరీక్షలు చేసి, చివరి పెగ్గు తర్వాత కనీసం 12 గంటలు ఆగి ఇచ్చే మందు. తను ఏం మింగుతున్నాడో తెలిసినవాడైతే తాగేముందు ఆగుతాడు, దాని పనే అది. తెలియనివాడికి పెడితే విషం పెట్టినట్టే.

పైగా ఒకసారి అన్నంలో కలిపారని తెలిస్తే ఇక భార్య చేతి ముద్ద నమ్ముతాడా?

సెల్‌టవర్
అమ్మో. మా పక్కింటావిడ ఒక పొట్లం తెప్పించుకుంది, ఇప్పుడే వెళ్ళి చెబుతాను.

పాలమూరు_పిల్ల
సిస్టర్ చెప్పిన వణుకు మాకు మందు బాటిల్ నుంచి కాదు, కల్లు నుంచి వచ్చింది. 2015లో మా వైపు, నిజామాబాద్ వైపు కల్తీ కల్లు మీద దాడులు చేసి ఒక్కసారిగా ఆపేసిన్రు. అందులో ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపేవాళ్ళు. కల్లు ఆగంగనే జనం పిచ్చిపట్టినట్టు అయి ఫిట్స్‌తో ఆసుపత్రులకి వచ్చిన్రు. మా పెద్దమ్మ కూడా. ఆమెకు తను తాగేది కల్లు అనే తెలుసు, మత్తుబిళ్ళ అని తెలియదు. ఆపడం మంచిదే, కానీ ఆపినంక ఏమవుతదో చూసుకునేటోళ్ళు పక్కన ఉండాలె.

నెల్లూరు_రొట్టె
మా జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి, 1997లో ఎత్తేశారు. ఆ ఉద్యమంలో మా నాయనమ్మ ఉంది. సారా కొట్టు మూయించింది కానీ ఇంట్లో తాతని మాన్పించలేకపోయానని చివరిదాకా బాధపడేది. కొట్టు మీదకి పోవడానికి ఊరంతా తోడొచ్చింది, తాత దగ్గర ఆమె ఒక్కతే.

కొబ్బరాకు
అన్నయ్య అయ్యప్ప మాల వేస్తాడా? ఎందుకు అడుగుతున్నానంటే మా మేనమామ ఏడాది పొడుగునా తాగుతాడు, కార్తీకంలో మాల వేస్తే 41 రోజులు చుక్క ముట్టడు. అంటే మానగలిగే శక్తి ఉన్నట్టేగా.

మామిడితోట
మా ఊళ్ళో ఒకావిడ కార్తీకంలో అయ్యప్ప, దసరాకి భవానీ, వేసవిలో హనుమాన్ మాల వేయిస్తుంది మొగుడితో. నాలుగోది ఏదైనా ఉందా అని పూజారిని అడిగిందట.

కొబ్బరాకు
:) ఆవిడకి దణ్ణం పెట్టాలి.

హన్మకొండ_కౌన్సెలర్
నేను ఈ పనిలోనే ఉన్నాను. మాల సంగతి నవ్వుకుని వదిలేసేది కాదు. డాక్టర్ పేరెత్తితే బస్సు దిగిపోయే మనిషి మాలకి తనంతట తానే వస్తాడు. ఎందుకో చూడండి. మాల వేసిన రోజు నుంచి ఊరంతా స్వామీ అని పిలుస్తుంది, నిన్నటిదాకా తాగుబోతు అన్నవాళ్ళు కూడా. తెల్లవారుజామున లేవాలి, చన్నీళ్ళ స్నానం, పూజ, సాయంత్రం భజన. తాగడం మొదలుపెట్టే ఆ సాయంత్రం వేళకే పదిమంది తోడు ఉంటారు. గురుస్వామి ఉంటాడు. ఎన్ని రోజులో ముందే తెలుసు కాబట్టి భయం ఉండదు. ఎవరూ అతన్ని రోగి అనరు.

మనం ఇచ్చే సాయంలో ఇందులో ఒక్కటైనా ఉందా? నువ్వు చెడిపోయావు, రా బాగుచేయిస్తాం అని మొదలుపెడతాం. అందులో మర్యాద లేదు, తోడు లేదు, ఎన్నాళ్ళో తెలియదు.

మాల తీశాక ఏమవుతుందంటారా, ఇవన్నీ ఒకేరోజు ఆగిపోతాయి. మర్నాడు సాయంత్రం మళ్ళీ పాత స్నేహితులే. మాలలో ఉన్నప్పుడే డాక్టర్‌ని కలిపిస్తే, మాల తీసే రోజుకి ఏదో ఒక ఏర్పాటు ఉంటే ఫలితం బాగుంటుంది. నా దగ్గరికి అలా వచ్చినవాళ్ళు ఉన్నారు.

రాత్రిడ్యూటీ_సిస్టర్
ఒప్పుకుంటాను కానీ ఒక మాట. పొద్దున్నే వణుకు వచ్చేవాడికి మాల వేయించే ముందు డాక్టర్‌కి చూపించాలి. దీక్షలో రెండో రోజు ఫిట్స్ వచ్చి మా దగ్గరికి తెచ్చినవాళ్ళని చూశాను. కొబ్బరాకు గారి మేనమామకి వణుకు లేదేమో, అందుకే గడిచింది.

కొబ్బరాకు
అవును, ఆయన రాత్రి పూటే తాగుతాడు. ఈ తేడా నాకు తెలియలేదు.

పాతపెంకుటిల్లు
రోజూ చదువుతాను, ఎప్పుడూ రాయలేదు. ఈ టాపిక్ చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను. తెనాలి_చెల్లి గారి అన్నయ్య స్థానంలో ఒకప్పుడు నేను ఉన్నాను. ఇప్పుడు తాగడం లేదు, చాలా ఏళ్ళయింది.

నాకేం రోగం అని నేనూ అనేవాణ్ణి. రోగం ఉందని నాకు తెలియక కాదు. తాగేవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, పొద్దున్నే తన చేతుల్ని తనే చూసుకుంటాడు కదా. ఒప్పుకోకపోవడానికి వేరే కారణాలు ఉన్నాయి.

మొదటిది భయం. మందు దొరకని ఒక రాత్రి నాకేం జరిగిందో నాకు తెలుసు. మానెయ్ అనేవాళ్ళకి అది తెలియదు. వాళ్ళు మానెయ్ అన్నప్పుడల్లా ఆ రాత్రిలోకి మళ్ళీ నడవమన్నట్టు ఉండేది. వణుకు లేకుండా దింపే మందులు ఉన్నాయని ఇంట్లో ఎవరూ చెప్పలేదు, వాళ్ళకీ తెలియదు.

రెండోది ఒట్లు. సాయం అన్నవాళ్ళంతా ముందు పిల్లల తల మీద ఒట్టు పెట్టించారు. ఒట్టు తప్పిన రోజు పిల్లల మొహం చూడలేక ఇంకా ఎక్కువ తాగాను. ఆ తర్వాత సాయం చేస్తాననే మనిషి ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. ఇంకో ఒట్టు మోయలేక.

మూడోది, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ చెప్పేవాళ్ళే.

మారిందెలా అంటే, షుగర్ చూపించుకోవడానికి పోతే అక్కడి డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "మీకు ఇందులో అన్నిటికంటే ఇబ్బందిగా ఉన్నది ఏమిటి?" అని అడిగింది. నిద్ర లేదని చెప్పాను. నిద్రకి సాయం చేస్తానంది, తాగుడు మాట ఎత్తలేదు. రెండుసార్లు వెళ్ళాక ఆ మాట నేనే ఎత్తాను. చెల్లెమ్మా, మీ అన్నయ్యకి ఏది ఇబ్బందిగా ఉందో కనుక్కోండి. చేతులు వణికి పని చేయలేకపోవడం అయి ఉంటుంది. పనితనం ఉన్నవాడికి అది చావులాంటిది.

తెనాలి_చెల్లి
పాతపెంకుటిల్లు గారూ, ఇది చదివి చాలాసేపు ఏడ్చాను. మీరు రాసినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నేను ఫోన్ చేసినప్పుడల్లా మొదటి మాట ఇవాళ తాగావా అనే. పని గురించి అడిగి ఎన్నాళ్ళయిందో.

చింతచిగురు
అందరూ అన్నయ్య గురించే మాట్లాడుతున్నారు. వదిన నోరు విప్పదని మొదటి పోస్టులోనే ఉంది, ఒక్కరూ ఆవిడ గురించి అడగలేదు. సాయం వద్దంటున్నవాడి చుట్టూ ఇంతమంది ఉన్నారు. పక్కనే ఉన్న మనిషికి సాయం కావాలేమో, ఇస్తే పుచ్చుకుంటుందేమో ఎవరైనా కనుక్కున్నారా? తిని నిద్రపోతోందా? చెయ్యి చేసుకుంటున్నాడా? పిల్లల ఫీజులు ఎవరు కడుతున్నారు?

ఉప్పుటేరు
వంద శాతం. మా మరదలికి తమ్ముడు సెంటర్లో ఉన్న మూడు నెలలూ ఒక్కరూ ఫోన్ చేయలేదు.

హన్మకొండ_కౌన్సెలర్
చింతచిగురు గారు అసలు చోట వేలు పెట్టారు. తాగే మనిషి రాకపోయినా ఇంట్లో వాళ్ళు వచ్చి సలహా తీసుకోవచ్చు, రావాలి కూడా. ఈ సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు. రోగి లేకుండా మేమొచ్చి ఏం చేస్తాం అంటారు.

అమెరికాలో రాబర్ట్ మేయర్స్ అనే సైకాలజిస్టు కుటుంబాలకి శిక్షణ ఇచ్చే పద్ధతి ఒకటి రూపొందించారు. పేరు క్రాఫ్ట్. 1999లో 130 కుటుంబాల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. వైద్యం ససేమిరా అంటున్న తాగుబోతుల ఇళ్ళు అవి. కుటుంబం క్రాఫ్ట్ నేర్చుకున్న ఇళ్ళలో 64 శాతం మంది చికిత్సకి వచ్చారు. అందరూ కలిసి కూర్చోబెట్టి నిలదీసే పద్ధతిలో 30 శాతం. ఇంట్లోవాళ్ళు తమ మనసు తాము నిలబెట్టుకోవడం నేర్పే అల్-అనాన్ పద్ధతిలో 13 శాతం. అల్-అనాన్ ఉద్దేశం తాగే మనిషిని తీసుకురావడం కాదు లెండి, అది ఇంటివాళ్ళ కోసం, దాని మేలు దానికుంది.

ఇందులో నేర్పేవి మామూలు విషయాలే. తాగి ఉన్నప్పుడు వాదించకూడదు. తాగని గంటల్లో దగ్గర కూర్చోవాలి, ఇష్టమైంది వండాలి, కబుర్లు చెప్పాలి, తాగి రాగానే మాట తగ్గించి పక్కకి పోవాలి. వాళ్ళ తరఫున కస్టమర్లకి అబద్ధాలు చెప్పకూడదు, బెల్టు షాపు బాకీలు తీర్చకూడదు. చెయ్యి చేసుకునే ఇల్లయితే అన్నిటికంటే ముందు ప్రాణరక్షణ, ఆడవాళ్ళకి 181 హెల్ప్‌లైన్ ఉంది. చికిత్స మాట ఎత్తడానికి వేళ చూసుకోవాలి. తనే బాధపడుతున్న పొద్దున, రెండే ముక్కల్లో అడగాలి. సరే అన్న రోజే తీసుకెళ్ళగలిగేలా ముందే ఏర్పాటు ఉండాలి. పది రోజుల తర్వాత అపాయింట్‌మెంట్ అంటే ఆ సరే ఆవిరైపోతుంది.

డల్లాస్_బాబాయ్
ఇది ఇక్కడ మా ఆఫీసులో ఒకరు చెప్పగా విన్నాను. కానీ మన ఇళ్ళల్లో కుదురుతుందా? కోడలు మాట తగ్గిస్తే అత్తగారు ఊరుకుంటుందా? కొడుకు తాగి వస్తే అన్నం పెట్టకుండా పక్కకి పోయిందని ఊరంతా చెబుతుంది.

చింతచిగురు
ఈసారి బాబాయ్ గారితో ఒప్పుకుంటున్నాను. మా అత్తగారైతే అదే చేసేది.

హన్మకొండ_కౌన్సెలర్
అందుకే నేను అత్తగారిని కూడా రమ్మంటాను. మొదట్లో కోడలి మీద చాడీలు చెప్పడానికి వస్తారు. కాసేపటికి కొడుకు మీద బెంగ బయటపడుతుంది. బెంగ ఇద్దరిదీ ఒకటే అని అప్పుడు తెలుస్తుంది ఇద్దరికీ. చెన్నైలో శాంతి రంగనాథన్ గారు భర్త తాగుడు వల్ల చనిపోయాక 1980లో టి.టి. రంగనాథన్ ఫౌండేషన్ పెట్టారు. అక్కడ మొదటినుంచీ కుటుంబానికి కూడా చికిత్సలో భాగం ఉంది.

తెనాలి_చెల్లి
మరి అమ్మ చేత డబ్బులివ్వడం ఆపించాలా?

మామిడితోట
ఇవాళే ఆపించండి. అదే అసలు మూలం.

రాత్రిడ్యూటీ_సిస్టర్
మామిడితోట గారూ, ఒక్కసారిగా ఆపితే ఆ రాత్రే ఫిట్స్ రావచ్చని పైన చెప్పాను. అమ్మగారు పూర్తిగా తప్పు చేయడం లేదు. వణుకు చూసి భరించలేక ఇస్తున్నారు, ఆ వణుకు నిజమైనదే. డాక్టర్‌తో ఏర్పాటు కుదిరేదాకా అమ్మగారిని తిట్టి డబ్బు ఆపించకండి. కానీ అప్పులు తీర్చడం, కొత్త బాటిల్ కొనివ్వడం, షాపు అద్దె కట్టడం మాత్రం వద్దు. కరెంటు బిల్లు, పిల్లల ఫీజు ఎవరైనా నేరుగా కట్టండి, అన్నయ్య చేతికి కాదు.

న్యూజెర్సీ_సుధ
తాగుడు సంగతి కాదు కానీ వద్దనేవాళ్ళ సంగతే కాబట్టి రాస్తున్నాను. భీమవరంలో మా అమ్మ ఒంటరిగా ఉంటుంది. పనిమనిషిని పెడితే వారంలో మాన్పించేస్తుంది. నాకేమైనా కాళ్ళూ చేతులూ పడిపోయాయా అంటుంది. పక్క వీధిలో ఇంటర్ చదివే పిల్లకి చదువుకోవడానికి వాళ్ళింట్లో చోటు లేదు. "అమ్మా, ఆ పిల్ల రాత్రిళ్ళు మన ఇంట్లో చదువుకుంటుంది, కాస్త చూసుకో" అన్నాను. ఎగిరి గంతేసింది. ఇప్పుడు అమ్మకి రాత్రి తోడు ఉంది. ఎవరికి ఎవరు సాయమో ఇద్దరూ లెక్క వేసుకోరు. పాతపెంకుటిల్లు గారు రాసింది చదువుతుంటే ఇది గుర్తొచ్చింది. పుచ్చుకునేవాళ్ళు చిన్నబోకుండా ఉంటే చాలావరకు పుచ్చుకుంటారు.

పాలమూరు_పిల్ల
మీ అమ్మ మస్తు నచ్చింది అక్కా.

సెల్‌టవర్
పొట్లం పారేయించాను. ఆవిడ ఏడ్చింది, మరి ఇప్పుడు ఏం చేయాలి అంటోంది. ఫోన్ నంబర్లు ఏమైనా ఉంటే పెట్టండి.

హన్మకొండ_కౌన్సెలర్
14446 మత్తు విమోచనకి కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్. 14416 టెలీ మానస్, అంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరు 10న మొదలైంది, తెలుగులో మాట్లాడతారు, రోజంతా ఉంటుంది. ఇంట్లోవాళ్ళు కూడా చేయొచ్చు. ఆవిణ్ణి తన గురించే ముందు మాట్లాడమనండి. ఒక లెక్క కూడా చెబుతాను. ఎయిమ్స్ వాళ్ళ 2019 సర్వే ప్రకారం మన దేశంలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందేది 180 మందిలో ఒకరు. కాబట్టి వాళ్ళే వద్దన్నారు అని తప్పంతా వాళ్ళ మీదే వేయలేం. చాలా ఊళ్ళలో అడిగినా దొరకదు.

తెనాలి_చెల్లి
కొన్ని వారాల తర్వాత వస్తున్నాను. అన్నయ్య మానేశాడని చెప్పలేను, మానలేదు.

చింతచిగురు గారి పోస్టు చదివాక వదినకి ఫోన్ చేసి అన్నయ్య మాట ఎత్తకుండా తన గురించే అడిగాను. మొదట ఏమీ లేదంది. తర్వాత గంటసేపు మాట్లాడింది. చెయ్యి చేసుకోడట, కానీ రాత్రిళ్ళు నిద్రపోకుండా ఊపిరి ఆడుతోందా లేదా అని చూస్తూ కూర్చుంటుందట. నేను ఊరెళ్ళి వదినని తీసుకుని గుంటూరు పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్ళాను. పేషెంట్ ఏడీ అని వెనక్కి పంపుతారేమో అనుకున్నాం. పంపలేదు, వదిన పేరు మీదే చీటీ రాసి మాట్లాడారు.

అన్నయ్య దగ్గర మా పాత మిక్సీ మోటారు పెట్టి కూర్చున్నాను. తాగుడు గురించి అడగలేదు. వైండింగ్ చుడుతూ చేతులు ఆగక వైరు తెగితే విసిరికొట్టాడు. అప్పుడు పాతపెంకుటిల్లు గారు చెప్పినట్టు, ఈ వణుకు తగ్గడానికి మందులు ఉన్నాయట అన్నయ్యా, ఒళ్ళు బాధ పడకుండా అన్నాను. అంతే. "ఎవరు చెప్పారు?" అన్నాడు. నీలాగే ఉండి మానేసిన ఆయన చెప్పారన్నాను. ఇంకేమీ అనలేదు. నిన్న వదినతో, ఆ మందులు వేసుకుంటే షాపు ఎన్నాళ్ళు మూయాలో కనుక్కోమన్నాడట.

ఎన్నాళ్ళు మూయాలి? వెళ్ళేటప్పుడు ఏమేం పట్టుకెళ్ళాలి?

ఉప్పుటేరు
ఇది చదివి ఇంట్లో అందరికీ వినిపించాను.

పాతపెంకుటిల్లు
చెల్లెమ్మా, ఆయనకి ఇష్టమైతే నేను ఫోన్‌లో మాట్లాడతాను. ఆయన అడిగితేనే. మీరు బలవంతపెట్టొద్దు. నంబరు మీకు మెసేజ్ చేస్తున్నాను.

డల్లాస్_బాబాయ్
షాపు మూసిన రోజులకి అద్దె నేను పెడతాను, ఓనర్‌కి నేరుగా. పేరు చెప్పకండి.

రాత్రిడ్యూటీ_సిస్టర్
చేరితే వారం, పది రోజులు అనుకోండి. డాక్టర్ చూశాక తేలుతుంది. తర్వాత కూడా నెలల తరబడి ఓపీకి రావాలి. తాగాలనే యావ తగ్గించే మాత్రలు కూడా ఉన్నాయి, నాల్ట్రెక్సోన్ లాంటివి, లివర్ పరీక్ష చూసి ఇస్తారు. ఆధార్, పాత రిపోర్టులు, షుగర్ బీపీ మాత్రలు వాడుతుంటే ఆ చీటీ తీసుకెళ్ళండి. ఎంత తాగుతాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో, ముందెప్పుడైనా ఫిట్స్ వచ్చాయో ఉన్నదున్నట్టు చెప్పండి, తగ్గించి చెబితే మందు డోసు తప్పుతుంది. ఆసుపత్రికి వెళ్తున్నాం కదా అని ముందురోజు నుంచి తాగుడు మాన్పించి తీసుకెళ్ళకండి. దారిలో ఒళ్ళు వణికి మళ్ళీ బస్సు దిగిపోతాడు, ఈసారి ఆటో మాట్లాడుకోండి. ఓపీ పొద్దున పూట కాబట్టి త్వరగా బయల్దేరండి.